ఆషాఢంలో రొయ్యల పాస్తా

జూలై 1, మంగళవారం

పద్మ పుట్టింటికి వెళ్ళింది. ఆషాఢం కదా.

జూలై 2, బుధవారం

ఈ డైరీ నేను కొన్నది కాదు. నూలు ఏజెంటు దీపావళికి ఇచ్చాడు. ఇన్ని నెలలూ బియ్యం డబ్బాకు మూతగా పనికొచ్చింది. ఇప్పుడు రాయడానికి పెద్ద కారణమేమీ లేదు. ఇంట్లో మాట్లాడేవాళ్ళు తగ్గారు, అంతే.

ఇల్లు ప్రశాంతంగా ఉంది. షెడ్డులో రోజంతా నలభై ఎనిమిది మగ్గాలు చెవుల్లో కొట్టుకుంటాయి. ఇంటికొస్తే చప్పుడు లేదు. మగవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

పక్కింటి వెంకటవ్వ మెట్ల మీద ఆపింది.

"పద్మ ఏదిరా పరమేశా, మూడొద్దులాయె కండ్లవడక?"

"పుట్టింటికి పోయిందవ్వా. ఆషాఢం గదా."

ముసలామె నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "ఆషాఢమా? అదేమన్న కొత్త పెండ్లికూతురా? నీ పెండ్లై ఇర్వై ఏండ్లాయె. బిడ్డ కాలేజీకి వోవట్టె."

"మొదటి ఆషాఢానికి పోలేదవ్వా. అందుకే ఇప్పుడు పోయింది."

నమ్మలేదు. నమ్మకపోతే నాకేం? పుట్టిల్లంటే సిరిసిల్ల కూడా కాదు, మేం బతకొచ్చిన ఈ గుజరాతీ ఊళ్ళోనే వడోద్‌లో మా బామ్మర్ది శ్యాంసుందర్ ఇల్లు. మా లింబాయత్ నుంచి రెండు షేరాటోలు మారితే ముప్పావుగంట. అంత దగ్గర ఉన్నవాళ్ళు ఫోను చేయకపోవడం పంతం కాక మరేమిటి?

జూలై 4, శుక్రవారం

నిజమే రాసుకుందాం. నా డైరీ, చదివేది నేనే.

పోయిన ఆదివారం శ్యాంసుందర్ వాళ్ళు భోజనానికి వచ్చారు. పద్మ ఫోన్లో చూసి చూసి నేర్చుకొని రొయ్యల పాస్తా చేసింది. మీగడ, చీజ్, వెల్లుల్లి, ఇంకా ఏవో ఆకులు. ఇంట్లో కూర్చొని చీరలకు రాళ్ళు అతికించి, ఆ పైసలతో తెచ్చుకున్న సామాను. అందరికీ ప్లేట్లలో పెట్టి, ముందుగా నా ముఖంలోకి చూసింది.

నేను రుచి చూశాను. చూసి ఉన్నమాట అన్నాను. "గిదేంది పద్మా, గంజిల నానవెట్టిన నూలు లెక్కున్నది. మగ్గానికి ఎక్కియ్యాలె గని మనిషికి పెడ్తరా?"

శ్యాంసుందర్‌కు నవ్వి నవ్వి పొలమారింది. వాళ్ళావిడ కూడా నవ్వింది. నేను ఆవకాయ అన్నం తెప్పించుకొని తిన్నాను. పద్మ ప్లేట్లు తీసింది, కడిగింది, చేతులు తుడుచుకుంది. వాళ్ళు ఆటో ఎక్కుతుంటే చెప్పులేసుకొని తనూ ఎక్కింది.

"నువ్వు వండు. వండి నా ముందట వెట్టు. నేనొచ్చుడు రాకపోవుడు గప్పుడు చూద్దాం."

తమాషాకు అన్న మాటకు ఇంత పంతమా! సరే, వండితే ఎంతసేపు? పాతికేళ్ళుగా మగ్గాలు బాగుచేస్తున్న చెయ్యి ఇది. రేపే వండుతాను. ఆమె కోసం కాదు. ఇదేం బ్రహ్మవిద్య కాదని తేల్చడానికి.

ఈ నెల 25 నుంచి శ్రావణం. శ్రావణంలో మా ఇంట్లో నీచు ముట్టం. వెంకటవ్వకు చెప్పిన సాకు కూడా ఆషాఢంతోనే సరి. ఏం చేసినా ఆ లోపలే చేయాలి.

జూలై 5, శనివారం

మా బిడ్డ నవత ఫోన్ పట్టుకొని వీడియో చదివింది, నేను వండాను. పొడుగు పోగుల రకం పాస్తా. ఉడికిన నీళ్ళు తెల్లగా, చిక్కగా అచ్చం గంజిలా ఉన్నాయి. మా నాయన పడుగుకు గంజి పట్టించేవాడు, చిన్నప్పుడు ఇల్లంతా అదే వాసన. ఆ వాసనంటే నాకు గిట్టదు. మోరీలో పారబోశాను.

వంచేటప్పుడు కొన్ని పోగులు తెగాయి. తెగిన పోగు కనబడితే నా వేళ్ళు ఊరుకోవు. నవత చదువుతూ ఉంది, నేను వింటూ ఉన్నాను, వేళ్ళు వాటి పని అవి చేసుకున్నాయి. చూసుకునేసరికి గిన్నెలో ఉన్నదంతా ఒకటే పోగు. నేత ముడి, చిన్నగా, గట్టిగా. ఒక్కటీ జారలేదు.

నవత ఫోర్కుకు చుట్టడం మొదలుపెట్టింది. చుట్టింది, చుట్టింది, నిమ్మకాయంత అయింది, బత్తాయంత అయింది. కుర్చీ మీద నిలబడి లాగింది, అయినా కొస దొరకలేదు.

"బాపు, యే ఖతమ్ హీ నహీ హో రహా!"

పని మాత్రం బాగా కుదిరింది. తినడానికి కుదరలేదు.

జూలై 6, ఆదివారం

పాలు పోస్తే కాదట, మీగడే కావాలట. రొయ్యలు ఆఖరున వేయాలట. నవత చెప్పింది. ఉప్పూ కారం చూసి చెప్పే పని దానికే అప్పజెప్పాను. వండేవాడు ఎంగిలి చేయకూడదు, మా అమ్మ ఎప్పుడూ చేయలేదు.

జూలై 7, సోమవారం

మా బిల్డింగు కింద ధనసుఖ్‌భాయ్ డెయిరీ. పావుకిలో మలాయి అడిగాను. "శేనా మాటే?" అన్నాడు గుజరాతీలో, ఎందుకని. చెడ్డ అలవాటు, మజ్జిగ కొన్నా అడుగుతాడు. ఆయన ఉల్లిపాయ కూడా తినడు. వెనకాల గోడ నిండా దేవుళ్ళు. రొయ్యలకని ఏ నోటితో చెప్పను?

"కథా కే లియే," అన్నాను. "ఏకాదశికి సత్యనారాయణ కథ పెట్టుకున్న."

"ఏకాదశి నిన్ననే పోయింది కదా పరమేశ్‌భాయ్?"

"వచ్చే ఏకాదశికి. అప్పటిదాకా పద్నాలుగు రోజులు దేవుడికి రోజూ మీగడ నైవేద్యం. మా తెలుగోళ్ళ రివాజు."

ఎక్కడినుంచి వచ్చిందో నాకే తెలియదు. ధనసుఖ్‌భాయ్ రెండు చేతులూ కళ్ళకద్దుకున్నాడు. డబ్బాలో పావుకిలోకు ఎక్కువే పెట్టి, దేవుడి మలాయికి పైసలు తీసుకోనన్నాడు. ఇరవై ఒకటో తేదీ దాకా రోజూ పొద్దున్నే తీసి ఉంచుతాడట.

జూలై 8, మంగళవారం

మీగడ విరిగింది. నీళ్ళు ఒకవైపు, నెయ్యి ఒకవైపు, మధ్యలో రొయ్యలు. నవత వీడియో వెనక్కి తిప్పి చూసింది.

"బాపు, ఆ ఉడికిన నీళ్ళేవి?"

"పారవోసిన."

"అరే, అవే కలపాలె! అవి కలిపితేనే చిక్కగైతది, విరగది."

అంటే గంజి. ఇంతదూరం వచ్చి నేను మళ్ళీ గంజి దగ్గరే నిలబడ్డాను.

జూలై 11, శుక్రవారం

వాసన బయటికి పోకుండా అగరుబత్తులు వెలిగిస్తున్నాను. మొదట రెండు, ఇప్పుడు పూటకో కట్ట. కిటికీలోంచి వచ్చే పొగ చూసి ధనసుఖ్‌భాయ్ కిందినుంచే దండం పెడుతున్నాడు.

ఆయన భార్య హంసాబెన్ కూడా మీగడ నైవేద్యం మొదలుపెట్టిందట. అసలు సంగతి కనుక్కుందామని వెంకటవ్వను అడిగింది. వెంకటవ్వకు తెలియదని ఒప్పుకోవడం తెలియదు. "గదెందుకు తెల్వది, మా ఊర్ల ఇంటింటికీ జేసేటోళ్ళం. రాగి గిన్నెల పెట్టాలె," అని చెప్పింది. రాగి గిన్నె సంగతి నాకూ ఇప్పుడే తెలిసింది.

జూలై 12, శనివారం

రొయ్యలు ఎక్కువ ఉడికాయి. నవత ఒకదాన్ని గోడకు విసిరితే ఎగిరి మళ్ళీ ప్లేట్లో పడింది.

జూలై 13, ఆదివారం

మా గల్లీలో ఐదిళ్ళ గడపల మీద పొద్దున్నే రాగి గిన్నెల్లో మీగడ. పిల్లులు బలిశాయి. నడవడం మానేసి ఎక్కడివక్కడే పడుకుంటున్నాయి.

చేపల మార్కెట్‌లో రొయ్యలు దొరకలేదు. ఇవాళ వంట లేదు. ఏం తోచలేదు.

జూలై 15, మంగళవారం

నవత రోజూ వాళ్ళమ్మతో ఫోన్లో మాట్లాడుతుంది. నేను విననే వినను. ఊరికే పక్కన నిలబడతాను.

"అమ్మ ఏమన్నది?" అన్నాను.

"ఏమనలే. తిన్నవా అని అడిగింది."

"నన్నా?"

"నన్ను."

జూలై 17, గురువారం

ఇవాళ పాస్తా కుదిరిందట. విరగలేదు, రొయ్య మెత్తగా ఉంది, ఉప్పు సరిపోయింది, అన్నీ నవతే చెప్పింది. "నువ్వు కూడా జర తిను బాపు," అంది. ఆకలి లేదన్నాను. అబద్ధం. ఆకలి ఉంది, భయం కూడా ఉంది. తింటే బాగుంటుందేమోనని భయం.

పద్మ లేకపోతే ఇల్లు ఏం బాగాలేదు. రాశాను. కొట్టేయను.

జూలై 18, శుక్రవారం

ధనసుఖ్‌భాయ్ మహారాజ్‌ను మాట్లాడేశాడు. పంతులు అన్నమాట. పూలు ఆయనవే, అరటిపళ్ళు ఆయనవే, పీటలు కూడా. నేను చేయాల్సింది స్నానం ఒక్కటే. కథ లేదని చెప్పడానికి మూడుసార్లు మెట్లు దిగి, మూడుసార్లూ మలాయి డబ్బాతో ఎక్కాను.

సాయంత్రం హంసాబెన్ వచ్చి బొట్టు పెట్టుకునే వేలితో నా పక్కన ఖాళీ చోటు చూపించింది. "భాభీ ఎక్కడ? మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కూర్చోకపోతే కథ ఎలా?"

ఆషాఢం అన్నాను. ఆ ఆషాఢం సంగతి హంసాబెన్‌కు అర్థం కాలేదు. "దేవుడి కంటే పెద్దదా మీ ఆషాఢం? మేం పోయి తీసుకొస్తాం," అంది. వెంకటవ్వ అప్పటికే చెప్పులేసుకుంది.

జూలై 20, ఆదివారం

ఇద్దరూ వడోద్ పోయి వచ్చారు. పద్మ వస్తానందట. "దేవుని పనికి కాదంటనా," అన్నదట. నా పేరు ఎత్తలేదట. వెంకటవ్వను రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ ఎత్తలేదనే చెప్పింది.

జూలై 21, సోమవారం, ఏకాదశి

పద్మ ఆకుపచ్చ చీరలో వచ్చింది. చిక్కింది. నేనూ చిక్కానని అనుకొని ఉంటే బాగుండు, కానీ పదమూడు రోజులు రొయ్యలూ మీగడా ఉడికిన ఇంట్లో ఆ వాసనకే లావయ్యానేమో, చొక్కా గుండీ పట్టలేదు.

పీటల మీద కూర్చున్నాం. హంసాబెన్ పద్మ కొంగు నా కండువాకు ముడి వేసింది. గదిలో పాతికమంది, మెట్ల మీద ఇంకో పదిమంది. మహారాజ్ సంకల్పం ఏమిటని అడిగితే "ఘర్ మే శాంతి" అని గొణిగాను. కథలో ఒక వ్యాపారి తన పడవలో ఉన్న సరుకు గురించి అబద్ధమాడే ఘట్టం వచ్చింది. మహారాజ్ అక్కడ బాగా సాగదీశాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది, నా వీపు మాత్రం తడిసి ముద్దయింది.

హారతికి ముందు హంసాబెన్ రాగి గిన్నెలో ఆఖరి రోజు మీగడ తెచ్చి దేవుడి ముందు పెట్టింది. "ఇప్పుడు పరమేశ్‌భాయ్ ఈ తెలుగు రివాజు గురించి చెప్తారు. ఎప్పుడు మొదలైంది, ఏం ఫలం వస్తుంది, అన్నీ. ఆడవాళ్ళు తెలుసుకోవడానికే వచ్చారు," అంది.

"చెప్పు బిడ్డా," అంది వెంకటవ్వ.

పద్మ అప్పుడు మొదటిసారి నా వైపు తిరిగింది. ఇరవై ఏళ్ళు కాపురం చేసిన మనిషి. మా ఇళ్ళల్లో అలాంటి రివాజు లేదని ఆమెకు తెలియదా? ఏం చెప్తానో విందామని చూస్తోంది. ఆమె కళ్ళముందు ఇంకో అబద్ధం నోటికి రాలేదు.

"రివాజు లేదు," అన్నాను. "నేనే పుట్టించిన. ఆ మలాయి దేవుడికి కాదు. రొయ్యలకు."

"ఝింగా?" అన్నాడు ధనసుఖ్‌భాయ్.

"ఝింగా."

"చౌదా దిన్?" పద్నాలుగు రోజులూనా అని.

"తేరా దిన్. ఒకరోజు మార్కెట్‌లో దొరకలేదు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ధనసుఖ్‌భాయ్ లేచి, ఎవరి వైపూ చూడకుండా మెట్లు దిగిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ మనిషి నన్ను నమ్మి రోజూ పొద్దున్నే నా వాటా తీసి పెట్టాడు. నేను రోజూ నవ్వుకుంటూ తెచ్చుకున్నాను. ఛీ, నాదీ ఒక బతుకేనా అనిపించింది.

పావుగంటకు ధనసుఖ్‌భాయ్ తడి జుట్టుతో తిరిగొచ్చాడు. తలస్నానం చేసి వచ్చాడు. నాకు దూరంగా కూర్చొని మహారాజ్‌తో, "కథ సగంలో వదిలితే పాపం. హారతి ఇవ్వండి," అన్నాడు.

"మా ఊర్ల మాత్రం దేవునికే పెట్టేటోళ్ళం," అని వెంకటవ్వ పక్కనున్న ఆమెకు చెబుతోంది.

ప్రసాదం పంచుతుండగా పద్మ లేచింది. కొంగుముడి ఇంకా విప్పలేదు, కనుక నేనూ లేచాను. తిన్నగా వంటింట్లోకి లాక్కుపోయింది. గిన్నెలు చూసింది, చీజ్ డబ్బా చూసింది.

"పదమూడు రోజులు వండినవ్. ఒక్కనాడన్న రుచి చూసినవా?"

"వండేటోడు ఎంగిలి చేయొద్దు గదా."

"మరి ఆనాడు వండింది నేను. నువ్వు గాదు. ఆనాడెందుకు నోట్లె వెట్టలే?"

నేను చీజ్ డబ్బా మూత బిగించాను.

"బుక్క లేవట్టి, అందరి దిక్కు చూసి, మళ్ళ ప్లేట్లనే వెట్టినవ్. నేను చూసిన. తిని బాగలేదంటే ఊకుందును."

ముడి తనే విప్పుకుంది. "ఆషాఢమని చెప్పినవ్ గదా ఊరందరికి. ఆషాఢం కానియ్యి. నేనడిగింది నువ్వింక నా ముందట వెట్టలే," అని ప్రసాదం పొట్లం కట్టుకొని వడోద్ వెళ్ళిపోయింది.

నాలుగో తేదీ పేజీలో రుచి చూశానని రాశాను. చూడలేదు. శ్యాంసుందర్ వాళ్ళు తినాలో వద్దో తెలియక ఫోర్కులు పట్టుకొని నా వైపు చూస్తున్నారు. నవ్విస్తే బాగుంటుందనిపించింది. అంతకన్నా ఏం లేదు. తెచ్చిపెట్టుకుందామన్నా ఇంకో కారణం దొరకడం లేదు.

జూలై 22, మంగళవారం

పొద్దున గడప మీద గిన్నెలో మీగడ. పక్కన హంసాబెన్ నిలబడి ఉంది. "ఎందుకో నేను అడగను, నువ్వు చెప్పకు. మా ఆయనకు కూడా," అని దిగిపోయింది.

నవత రుచి చూసే ఉద్యోగానికి రాజీనామా ఇచ్చింది. రొయ్యలూ పాస్తా దీపావళి దాకా నోట్లో పెట్టదట. బతిమాలాను. "బస్, బాపు," అని కాలేజీకి పోయింది.

జూలై 23, బుధవారం

షెడ్డుకు సగం పూట సెలవు పెట్టాను. ఒక్కణ్ణే వండాను. గంజి నీళ్ళు పక్కన తీసి ఉంచాను, ఒక్క పోగు తెగినా ముడి వేయలేదు. మీగడ విరగలేదు. రొయ్యలు ఆఖరున వేశాను. స్టీలు డబ్బాలో పెట్టి తువ్వాలు చుట్టి ఒళ్ళో పెట్టుకొని రెండు ఆటోలు మారాను. రెండో ఆటోలో నా పక్కన కూర్చున్నాయన వాసన పట్టి పాండేసరా దాకా డబ్బావైపే చూశాడు.

శ్యాంసుందర్ ఇంట్లో వాడు, వాడి భార్య, వాడి షెడ్డు దోస్తులు ఇద్దరు టీ తాగుతున్నారు. నేను పద్మ ముందు డబ్బా పెట్టి మూత తీశాను.

"ఏం బావా, ఏ మగ్గం మీదికెల్లి దించినవ్?" అన్నాడు శ్యాంసుందర్. అందరూ నవ్వారు. మాట నాదే, వాడు నా దగ్గరే నేర్చుకున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తువ్వాలు మడత పెడుతూ నిలబడ్డాను. అంతమంది మధ్య వండినవాళ్ళు ఎలా నిలబడతారో అప్పుడు తెలిసింది, ఇంత వయసొచ్చాక.

పద్మ నవ్వలేదు. ఒక బుక్క తిన్నది. ఒక్క క్షణం ఆగింది. రెండోది తిన్నది. శ్యాంసుందర్ ఇంకేదో అనబోయి ఆమె ముఖం చూసి ఊరుకున్నాడు. పద్మ ఆవకాయ అడగలేదు, నీళ్ళు అడగలేదు. తల వంచుకొని నెమ్మదిగా డబ్బా మొత్తం తిన్నది. షెడ్డు దోస్తులు టీ గ్లాసులు పట్టుకొని తాగడం మరిచిపోయారు. అంత బాగుందేమో అనుకున్నట్టున్నారు. నేనూ అనుకున్నాను, ఎందుకు అబద్ధం.

ఆఖరి బుక్క ఫోర్కుకు చుట్టి నా వైపు చాపింది. "ఇంద."

అందరి ముందూ నోరు తెరిచాను. ఇన్నాళ్ళలో మొదటిసారి నోట్లో పెట్టుకోవడం. మెత్తగా ఉంది, వెల్లుల్లి వాసన ఉంది, రొయ్య తియ్యగా ఉంది. కానీ నాలుక మీద ఏమీ నిలవడం లేదు. ఏదో లేదు. నమిలి మింగాక గాని నాకు తట్టలేదు. నవత లేదు, నేను రుచి చూడను, ఇంకెవరు చెప్తారు?

"ఉప్పు లేదు," అన్నాను, ఆమెకు మాత్రమే వినబడేలా.

"మొదటి బుక్కకే తెల్సింది."

"మరి చెప్పకపోతివి?"

పద్మ డబ్బా మూత పెట్టింది. "అందరు చూస్తున్రు గదా," అంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఎవరెవరు ఎక్కారో, ఎక్కడ దిగానో గుర్తు లేదు. ఎల్లుండి శ్రావణం, పొద్దున్నే రమ్మంది పద్మ. షేరాటోలో కుదరదు, వేరే ఆటో మాట్లాడుకొని రమ్మంది. సామాను ఉందట.